పూజ రోజు ఆపని వేడి

పద్మారావు నగర్, సికింద్రాబాద్
నవంబరు 2003

తమ్ముడు బుల్లబ్బాయికి అక్క ఆశీస్సులు.

ఎదురుగా మాట్లాడితే నువ్వు నా మాట మధ్యలోనే తుంచేస్తావు. అందుకే కాగితం తీశాను. దీపం పెట్టి, మనసు కుదుటపడుతుందేమోనని కాసేపు కూర్చున్నాను. పడలేదు.

మొన్న శుక్రవారం నీ ప్లాస్టిక్ షెడ్డులో కొబ్బరికాయ కొట్టాక పనివాళ్లందరి ముందూ ఏమన్నావు? "మా బావ పులిహోర ధ్యాసలో పడి హీటర్లు ఆపడం మరిచిపోయాడర్రా" అన్నావు. అందరూ నవ్వారు. నీ మిషను నడిపే పర్వతాలు, "చెయ్యి కాలినా పులిహోర మాత్రం ఇడువలే సారు" అన్నాడు. మీ బావ కూడా నవ్వారు, కట్టు కట్టిన కుడిచెయ్యి కండువా కింద దాచుకుని.

ఆయన చెయ్యి కాలిన ఆ రోజు, పోయిన నెల ఆయుధపూజ నాడు, నేను అక్కడే విస్తళ్లు వేస్తూ అంతా విన్నాను. కంప్యూటర్ ఆఫీసులకు పంపే ప్లగ్గుల కోసం నైలాన్‌లో మట్టిపొడి కలిపించింది నువ్వు. తయారైన ముక్క మంటకు బాగా ఆగుతుంది, కానీ కరిగిన సరుకు మిషను వేడి గొట్టంలో నిలవుంటే మట్టికి పట్టించిన మందు ముందు చెడి, నైలాన్‌ని మామూలుకన్నా తొందరగా చెడగొడుతుంది అని ఆ పొడి అమ్మినవాడు మీ ఇద్దరికీ చెప్పాడు. మిషను వదిలి భోజనాలకు కూర్చునే ముందు మీ బావ అదే గుర్తుచేశారు.

"హీటర్లు ఆపేస్తానురా. మట్టి కలిపిన సరుకు."

"పూజైన మిషను ఇవాళ ఆపితే లక్ష్మిని గెంటినట్టే బావా. కూచో, అన్నం చల్లారిపోతోంది."

భోజనాలయ్యేసరికి గొట్టంలో గ్యాసు కట్టింది. ఆయన చూడబోతే, మాడి పసుపురంగుకు తిరిగిన నైలాన్ చేతిమీదికి చిమ్మింది.

ఇన్నేళ్లుగా పూజలు చేస్తున్నాను. హీటరు ఆపితే అలిగే లక్ష్మి గురించి ఎక్కడా వినలేదు. నీ భయానికి దేవుడి పేరు పెట్టకు.

ఆయన నిన్ను క్షమించారు. "వాడి షెడ్డు, వాడి పరువు, పోనీలే" అంటారు. నేను క్షమించలేదు. క్షమించే బుద్ధి ఇమ్మని రోజూ దణ్ణం పెట్టుకుంటాను. లేచేసరికి మళ్లీ ఆ నవ్వులే వినిపిస్తాయి.

వచ్చే శుక్రవారం ఆ మనుషుల ముందే "ఆపొద్దన్నది నేనే" అని చెప్పు. చెప్పకపోతే నీ ఇంట్లో మంచినీళ్లు ముట్టను. నా గడప నువ్వు తొక్కొద్దు.

ఈ కాగితాలు చింపకు, దాచుకో. మీ బావకు మాత్రం చూపించకు. నేను రాస్తే చెప్పావని ఆయనకు తెలియకూడదు. నీ అంతట నువ్వే చెప్పావనుకోనీ.

నీ అక్క,
సత్యవేణి