ఊక బూడిదలోంచి వెలుగు

బుజ్జమ్మా,

ఈరోజు నీ ల్యాబులో జూనియర్ స్వప్న మిర్యాలగూడ వచ్చింది. నువ్వు కన్నుమూశాక ఆగిన పరిశోధనను తనే మళ్లీ అందుకుంది. మన రైసుమిల్లు ఊక బూడిదతో నువ్వు చేసిన కంటికి కనపడని రేణువులు క్యాన్సర్ కణాలకు మందు మోసుకెళ్లాయట, అక్కడే వెలిగి ఆ కణాలు ఎక్కడున్నాయో చూపించాయట. రెండూ ఒకేసారి!

"అక్క చెప్పినట్టే అయ్యిందమ్మా!" అని నన్ను పట్టుకుని గెంతింది. ఇంకా బూడిద కావాలంది. వెంటనే మిల్లుకు ఉరికాను.

"ఏందమ్మా, బస్తెడు బూడిదతోని ఎన్ని గిన్నెలు తోముతవ్?" అని సేటు నవ్వాడు.

"తోమనీకి కాదు సేటూ, నా బిడ్డ పని మల్ల మొదలైంది."

నువ్వు చూపించినట్టే నల్లది ఏరేసి, బాగా కాలిన తెల్ల బూడిదే మూటగట్టి స్వప్నకిచ్చాను.

పనిలో పడితే నీకు ఆకలి తెలియదు. పైలోకంలోనైనా వేళకు కడుపునిండా తిను బిడ్డా.