బస్సు పొగలో పూచిన గన్నేరు

జూన్ 14, ఆదివారం

చిరంజీవి చెల్లికి,

అక్క ఆశీర్వదించి రాయునది. ఇక్కడ నేనూ, నా కుట్టుమిషనూ, వాకిట్లో మొక్కలూ క్షేమం. నువ్వూ మరిదిగారూ కులాసా అని తలుస్తాను.

అసలు సంగతికొస్తాను. నేను గెలిచాను! నిన్న తొలివాన పడింది. దుకాణానికీ రోడ్డుకీ మధ్యనున్న ఆ దుమ్ముకొట్టుకుపోయిన జాగా ఈ చివర నుంచి ఆ చివరదాకా పచ్చగా ఉంది. కాబట్టి పందెం ప్రకారం దుకాణం మూయను, మూటాముల్లె సర్దుకుని మీ ఇంటికి రాను.

మీ బావ పోయాక నేనొక్కదాన్నీ ఇక్కడ ఎలా ఉంటానని నీ బెంగ. ఈ బస్సుల పొగలో గడ్డిపరకైనా బతకదు, నువ్వేం బతుకుతావని దెబ్బలాడావు. ఆ జాగాలో మొక్కలు పెడతాను, తొలివానదాకా బతికితే మీ ఇంటికి రమ్మనే మాట మళ్ళీ ఎత్తొద్దన్నాను.

మొదట దర్జీ బుద్ధి పోనిచ్చుకోలేదు. తలుపు రంగుకు నప్పుతాయని గులాబీలూ చామంతులూ తెచ్చాను. వారం తిరిగేసరికి మాడిపోయాయి. ఎదురు టీకొట్టాయన నవ్వితే ఒళ్ళు మండింది. అప్పుడు తట్టింది. లైనింగు గుడ్డ నానబెట్టి ఆరేస్తేగాని కత్తెర పెట్టను కదా, ముడుచుకునేదేదో ముందే ముడుచుకోవాలని. మరి మొక్కల దగ్గర ఆ జాగ్రత్త ఏమైంది?

అంతే, బస్సులు ఆగి పొగ వదిలే మూలలో రకానికొకటి నాటాను. మందారం మొహం వేలాడేసింది. గన్నేరు, కాగితంపూల తీగ, కలబంద, బిళ్ళగన్నేరు ఏమీ ఎరగనట్టు నిలబడ్డాయి. నెగ్గినవాటినే జాగా పొడుగునా పెట్టాను. ఎండలు ముదిరి కుళాయి బందైనప్పుడు నా పని అయిపోయిందనుకున్నాను. ఒక్కటీ చావలేదు! ఇప్పుడు టీకొట్టాయనే గన్నేరు కొమ్మ అడుగుతున్నాడు. బతిమాలించుకుని ఇస్తాను.

మరిదిగారికి నమస్కారాలు.

ఇట్లు,
గెలిచిన నీ మొండి అక్క

తా.క.: కుళాయి బందైన రోజుల్లో, మధ్యాహ్నం దుకాణం మేడమీద నడుం వాల్చినప్పుడు కిటికీలోంచి చూశాను. ఒకావిడ ముఖానికి గుడ్డ చుట్టుకుని బస్సు దిగేది. సంచిలోంచి సీసాలు తీసి నా మొక్కల మొదట్లో నీళ్ళు పోసి, తర్వాతి బస్సెక్కేది. ముఖం దాచావు సరే, ముక్కలు అతికి ఆ సంచి కుట్టింది నేనేనే పిచ్చిదానా! పిలుద్దామనుకున్నాను. పిలిస్తే రావడం మానేస్తావని ఊరుకున్నాను. ఈసారి ముఖం చూపించి రా. సీసాలు మోయకు, వాన పడుతోంది.