కంచె అవతలి తండ్రి

బావగారికి,

మీ ఉత్తరం అందింది. ఈ ఇంటికి కోడలిగా వచ్చాక మీరు నన్ను ఒక సంగతి అడగడం ఇదే మొదలు. అందుకని దాచకుండా చెబుతాను.

మీరు పుట్టుక అడిగిన ఆ పసుపు పూల మొక్కకు తల్లి మా మేడ మీది కుండీలోని తెల్లపూల మొక్క. తండ్రి మాత్రం మీ నర్సరీ కంచె అవతల పెరిగే ముళ్ళకంప. ఏటా కిరసనాయిలు పోసి తగలబెట్టిస్తారే, అదే. ఆ పసుపు రంగు దానిదే. దాని పుప్పొడిని కోడి ఈకతో తెల్లపూలకు అద్ది, గింజ కట్టించి, మొలిపించింది నేను.

నేను కాన్పుకి ఆసుపత్రిలో ఉండగా మీరు మొక్కను వేళ్ళతో సహా పట్టుకుపోయారు. పూల ప్రదర్శనలో దానికి మీ పేరే పెట్టారు. ఇదేమిటని మీ తమ్ముడు అడిగితే, "ఆడవాళ్ళ కాలక్షేపానికి కూడా పేరెందుకురా?" అన్నారు.

ఇప్పుడు మీ దగ్గర గింజలు కొన్నవాళ్ళ తోటల్లో ముళ్ళు లేస్తున్నాయని, వాళ్ళంతా మీ గేటు దగ్గర గొడవకు దిగారని రాశారు. ఆ ముక్క చదివాక నా కళ్ళు చల్లబడ్డాయి. సంకర మొక్క గింజలు చల్లితే కొన్ని తాత పోలికతో పుడతాయి బావగారూ. కొమ్మలు నాటి అమ్మాల్సింది.

ప్రదర్శనలో మీరు ఆ గింజలు పొట్లాలు కడుతున్నప్పుడే ఈ మాట నా నోటిదాకా వచ్చింది. ఇంతలో మీరు నా వైపు చూడకుండానే, "ఆ దారం ఇలా అందుకోమ్మా" అన్నారు.

అందించాను.

మీ మరదలు