వెనకబడిన ఎడమ చేయి

ఆదివారం

నా కొడుకు రాజు ఈరోజు టీవీలో ఒక డాక్యుమెంటరీ పెట్టాడు. ఎవరో విదేశీ రాక్ డ్రమ్మరు కథ. పెద్ద పేరు తెచ్చుకున్నాడు, మత్తుమందులు మరిగాడు, చివరికి డ్రమ్ము పుల్లలు కూడా పట్టుకోలేకపోయాడు. ఏళ్ల తరబడి వాడి పక్కనే వాయించినవాళ్లు ఒక్కొక్కరే వచ్చి, మాకు తెలియనే లేదని ఏడ్చారు. నాకు ఒళ్లు మండింది. వాడింకా వెలుగుతున్న రోజుల కచేరీ చూపించారు, అందులోనే ఎడమ చేయి దరువుకు వెనకబడింది. డప్పు కొట్టి బతికినవాణ్ణి, నాకు ఒక్కసారి వినగానే తెలిసిపోయింది.

"చెవులున్నయార వీళ్లకు? పక్కన నిలవడి గూడ ఇనవడలేదా?" అన్నాను.

రాజు నవ్వాడు. "అందరికి నీ చెవులుంటయా బాపూ!"

టీవీలో మత్తు సూదుల సంగతి రాగానే లేచాడు.

"అయిపోలే గదరా, యాడికి పోతానవ్?"

"తలకాయ నొస్తాంది బాపూ."

వెళ్లి తలుపేసుకున్నాడు.

మొన్న వర్ధన్నపేట పెళ్లి ఊరేగింపులో బ్యాండు డ్రమ్ము వాయిస్తుంటే వీడి ఎడమ చేయి కూడా అట్లాగే వెనకబడింది. అంతకుముందు రెండు పెళ్లిళ్లలోనూ అంతే. బ్యాండు మేస్త్రీ పక్కనే నడుస్తున్న నా వైపు చూశాడు. అతను అడగకముందే, "పోరనికి నిద్ర లేదు" అన్నాను. నా కొడుకు దరువు తప్పాడంటే పరువు పోయేది నాదే కదా. వాడు ఏం తాగుతున్నాడో, ఏం పీలుస్తున్నాడో అడగలేదు.

టీవీలో వాళ్లకు నిజంగానే వినబడలేదేమో. నాకు మూడుసార్లు వినబడింది.

రేపు పొద్దున వాడు డ్రమ్ము భుజాన వేసుకోకముందే అడగాలి. తలనొప్పి అంటాడు. ఈసారి నేను తల ఊపకూడదు.