ఆరని అచ్చు

కంచు ఫలకాలు పోతపోసే ఫౌండ్రీకి యజమానిని, డెబ్బై ఒక్క ఏళ్ళవాణ్ణి, నేను స్వస్థచిత్తంతో, ఎవరి బలవంతమూ లేకుండా రాయించిన వీలునామా ఇది. షుగరుంది, మోకాళ్ళు చెప్పిన మాట వినవు. మతి మాత్రం చెక్కుచెదరలేదని డాక్టరు గారు కాగితమిచ్చారు. దీన్ని అమలుపరచవలసింది మా వకీలు గారు.

1. నేనుంటున్న ఇల్లు, సామానుతో సహా, నా తదనంతరం నా కూతురికి సర్వహక్కులతో చెందాలి. వంటింటి కిటికీ వానకు ఉబ్బి పట్టేస్తుంది, గుద్దితేగాని తెరుచుకోదు. అమ్మలూ, నీ పేరుతో పోసిన చిన్న పలక నా బీరువాలో ఉంది. అందులో ఒక అక్షరం వంకర. ఏడేళ్ళప్పుడు దాన్ని చూసి పడీపడీ నవ్వావని సరిచేయలేదు.

2. నా బావమరిదికి ఏమీ లేదు. తన పెళ్ళికి పెట్టుకుంటానని పట్టుకెళ్ళిన నా చేతిగడియారం ముప్ఫై ఏళ్ళుగా ఆయన దగ్గరే ఉంది. దాన్నే నా కానుకగా భావించవలసింది.

3. ఫౌండ్రీ, స్థలం, కొలిమి, నమూనాలు యావత్తూ నా తమ్ముడికి చెందాలి. ఇది దానం కాదు. ఎందుకో కింద రాశాను. పనివాళ్ళందరి ముందూ వకీలు గారు దీన్ని పైకి చదవాలి.

ఇరవై రెండేళ్ళ కిందట, వంతెన కడుతూ చనిపోయిన పంతొమ్మిది మంది పేర్లతో ఆరడుగుల ఫలకం ఒప్పుకున్నాం. మంత్రి వచ్చి చేసే ఆవిష్కరణకు నాలుగు రోజులే ఉన్నాయి. ఇసుక అచ్చు చేసింది తమ్ముడు. "అన్నయ్యా, ఇంకా తడి ఉంది, ఇవాళ పోత వద్దు" అని రెండుసార్లు చెప్పాడు. నీ అచ్చు ఆరేదాకా మంత్రి ఆగుతాడా అని కసిరి, నేనే పోయించాను. తడి అచ్చులో కరిగిన కంచు పడితే ఆవిరి ఎగదన్ని లోహం పైకి చిమ్ముతుంది. పనిలో చేరిన మొదటి వారమే ఎవరికైనా నేర్పే పాఠమిది. తమ్ముడి కుడికన్ను పోయింది.

అచ్చు ఆరిందని తమ్ముడు చెప్పాకే పోయించానని విచారణకొచ్చినవాళ్ళతో అన్నాను. అది అబద్ధం. వాడు కంటికి కట్టుతో పక్కనే కూర్చున్నాడు. నా మొహంలోకి చూశాడు గాని నోరు విప్పలేదు. అజాగ్రత్త మనిషన్న ముద్రపడి ఏ ఫౌండ్రీ వాణ్ణి చేర్చుకోలేదు. నాకంటే చేయితిరిగిన పనివాడు, తాళాలు బాగుచేసుకుంటూ బతికాడు. దొంగకు తేలు కుట్టినట్టు నేను ఇన్నేళ్ళూ ఊరుకున్నాను. నా పరువు నిలిచింది. వాడు నా గడప తొక్కడం మానేశాడు.

4. నా భార్య కుట్టుమిషను మా మరదలికి, అంటే తమ్ముడి భార్యకు, ఇవ్వాలి. నా భార్య పోయిన రోజు ఆవిడ మా వంటింట్లో చేరి అందరికీ అన్నం పెట్టి, నాతో ఒక్క ముక్క మాట్లాడకుండా వెళ్ళిపోయింది. ఆ అన్నం నేనూ తిన్నాను.

5. తమ్ముడు ఫౌండ్రీ వద్దంటే ఎవరూ బతిమాలకూడదు, అది నా కూతురికి చెందుతుంది. మూడో అంశం పనివాళ్ళ ముందు చదవడం మాత్రం ఆగకూడదు.

తమ్ముడితోనే సాక్షి సంతకం పెట్టిద్దామనుకున్నాను. ఆస్తి పొందేవాడు సాక్షిగా ఉండకూడదని వకీలు గారన్నారు. మీ తమ్ముడు ఉండేది రెండు వీధుల అవతలే కదా, ఆ మూడో అంశం ఇవాళే వెళ్ళి మీ నోటితో చెప్పొచ్చుగా అని కూడా అన్నారు. చెప్పులు వేసుకున్నాను. గేటు దాకా వెళ్ళి, తిరిగొచ్చి, ఈ సంతకం చేస్తున్నాను.

తేదీ: నవంబరు పద్నాలుగు
(సంతకం) ఫౌండ్రీ యజమాని

సాక్షులు:
1. పక్కింటి లెక్కల మాస్టారు
2. మందుల షాపాయన