మెత్తగా రాసిన మాట

అన్నయ్యకు,

నీ చెల్లెలు రాసుకున్నది. ఇక్కడ నేనూ మీ బావగారూ ఒంట్లో బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, వదినా, మన చిన్న డాక్టరమ్మా కులాసాగా ఉన్నారనే అనుకుంటున్నాను. నీ ఉత్తరం వచ్చి పద్దెనిమిది రోజులైంది. జవాబు రాయలేదని గొణుక్కుంటూ ఉంటావని తెలుసు. నాలుగుసార్లు మొదలుపెట్టి నాలుగుసార్లూ చింపేశాను. ఇది ఐదోది, దీన్ని చింపను.

ముందు సులువైన ప్రశ్నల సంగతి చూద్దాం. నేను మందులిచ్చే డాక్టర్ని కాదని నీకు వందసార్లు చెప్పాను, అయినా ప్రతి ఉత్తరంలోనూ వదిన మోకాలి గురించి నన్నే అడుగుతావు. ఎముకల డాక్టరుకి చూపించండి, వాయిదా వెయ్యకండి. మీ బావగారి ఆకలి ఎలా ఉందన్నావు. ఆపరేషన్ అయి మూడేళ్ళయింది కదా, ఇంకో ఆపరేషన్ చేయించుకునేలా తింటున్నారు.

"అసలు డాక్టర్లకి నువ్వేం నేర్పుతావే?" అని మళ్ళీ అడిగావు. గడియారాలు విప్పి బాగుచేసే వాడివి, నీకు కంటికి కనిపించే పని కావాలి. చెబుతాను విను. ఈ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో మనస్తత్వ నిపుణురాలిగా చేరినప్పుడు నేను రోగులతోనే మాట్లాడేదాన్ని. నిద్రపట్టని వాళ్ళు, చావాలనుకునే వాళ్ళు వచ్చేవాళ్ళు. ఒకసారి ఇద్దరు విభాగాధిపతులు ఆపరేషన్ థియేటర్ కోసం పిల్లల్లా కొట్టుకుంటుంటే, ప్రిన్సిపాల్ నన్ను పిలిచి "వీళ్ళతో కాస్త మాట్లాడమ్మా" అన్నాడు. మాట్లాడాను, సర్దుకున్నారు. అలా మొదలైంది. పొట్ట కోసి కుట్టడం వచ్చినవాడిని ముప్పై మంది మీద హెడ్డుని చేస్తారు. ముప్పై మందితో మసలుకోవడం ఎవరూ నేర్పరు. అది నేర్పడమే నా ఉద్యోగం. మూడో అంతస్తులో, ఒకప్పుడు పాత ఎక్స్‌రేలు పడేసిన గదిలో నాకు రెండు కుర్చీలూ ఒక బీరువా ఇచ్చారు. తలుపు మీద మొదట 'మనస్తత్వ నిపుణురాలు' అని ఉండేది. ఒక్క హెడ్డు లోపలికి వస్తే ఒట్టు. అది తీసేసి 'నాయకత్వ శిక్షణ' అని పెట్టాక వరస కట్టారు.

ఇక పని చేసే పద్ధతి. ఒక హెడ్డుకి శిక్షణ మొదలుపెట్టే ముందు, ఆయనతో పనిచేసే పన్నెండు మందిని ఒక్కొక్కరినీ పిలిచి మాట్లాడతాను. నర్సులు, పీజీ చదివే జూనియర్ డాక్టర్లు, మత్తు ఇచ్చే డాక్టరు, ఆఫీసు గుమాస్తా. "మీ పేరు బయటికి రాదు" అని మాటిచ్చి, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు నోటు పుస్తకంలో రాసుకుంటాను. తర్వాత ఆ మాటల్ని ఆయన నొచ్చుకోకుండా మార్చి నివేదిక తయారుచేసి, ఆయన ఎదురుగా కూర్చుని చదువుతాను. పాము చావకుండా, కర్ర విరగకుండా రాయడంలో నన్ను మించినవాళ్ళు లేరని పేరు. ఆ పేరు చూసుకుని మురిసిపోయేదాన్ని కూడా.

ఇప్పుడు నీ అసలు ప్రశ్నకి వస్తాను. నీ కూతురికి, అదే మన చిన్న డాక్టరమ్మకి, మా ఆసుపత్రిలో సర్జరీ సీటు వచ్చేలా ఉందనీ, ఆ హెడ్డు నాకు బాగా తెలుసు కాబట్టి ఒక మాట వేసి ఉంచమనీ రాశావు. నిజమే, బాగా తెలుసు. మూడేళ్ళ క్రితం మీ బావగారి కడుపు కోసి బతికించింది ఆయనే. నువ్వూ వచ్చి చూశావు. ఆయన హస్తవాసి అలాంటిది. ఆసుపత్రిలో అందరూ ఆయన్ని 'హస్తవాసి సార్' అనే అంటారు. ఆపరేషన్ అయిన ఏడాదికి ఆయన నా దగ్గరికే శిక్షణకి వచ్చారు. కూర్చోగానే "మీవారు బాగున్నారా?" అని అడిగేవారు. నా భర్త ప్రాణం నిలబెట్టిన మనిషిని నేను సరిదిద్దాలి, చూడు నా అవస్థ.

ఆయన గురించి నేను మాట్లాడిన పన్నెండు మందిలో ముగ్గురు పీజీలు. ముగ్గురూ ఒకే సంగతి చెప్పారు. అప్పుడు మొదటి ఏడాదిలో ఉన్న ఒక పిల్ల చెప్పిన మాటలు ఇవీ: "రోగికి బాలేదని సార్‌కి ఫోన్ చెయ్యాలంటేనే భయం మేడం. చేస్తే, ఇంత చిన్న విషయానికా అని మర్నాడు అందరి ముందూ నిలబెట్టి ఏకుతారు. అందుకే ఇప్పుడు చెయ్యట్లేదు. ఏదో ఒకరోజు దీనివల్ల మనిషి పోతాడు."

నివేదికలో నేనేం రాశానో తెలుసా? 'సందేహం వచ్చినప్పుడు జూనియర్లు సార్‌ని మరింత చొరవగా సంప్రదిస్తే బాగుంటుంది.' రాసి, రెండుసార్లు చదువుకుని, ఎంత సున్నితంగా కుదిరిందో అనుకున్నాను.

ఆయన అది చదివి కళ్ళజోడు తీశారు. "కరెక్టే మేడం. ఈ కాలం పిల్లలకి చొరవ లేదు. నోరు తెరిచి అడగరు. వాళ్ళకి మీరే ఒక క్లాసు తీసుకోండి" అన్నారు. కాదు సార్, తప్పు మీది అనాలి అప్పుడు. అలాగే సార్ అన్నాను. క్లాసు తీసుకున్నాను కూడా అన్నయ్యా! 'సీనియర్లతో మాట్లాడటం ఎలా' అని గంటసేపు చెప్పాను. ఆ పిల్ల ముందు వరసలోనే కూర్చుంది.

ఐదు వారాల క్రితం ఒక ఆదివారం జరిగింది. కుట్టుపని చేసుకునే ఒకావిడ, నలభై దాటలేదు, ముందురోజే కడుపు ఆపరేషన్ అయింది. మధ్యాహ్నానికి పొట్ట ఉబ్బింది, నాడి పరుగెత్తింది. డ్యూటీలో ఉన్నది ఆ పిల్లే. మూడుసార్లు ఫోన్ తీసి మూడుసార్లూ పెట్టేసిందట. సాయంత్రం హస్తవాసి సార్ వచ్చి చూసి, తనే స్ట్రెచర్ తోసుకుంటూ థియేటర్‌కి పరిగెత్తారు. ఆయన చేతికి కూడా అప్పటికే ఆలస్యమైపోయింది. ఆవిడ పోయింది.

విచారణ కమిటీ వేశారు. ఆ పిల్ల అక్కడ నిలబడి, "తెలియక కాదండీ, భయపడి చెయ్యలేదు. తప్పు నాదే. కానీ ఈ భయం గురించి రెండేళ్ళ క్రితమే చెప్పాం. మూడో అంతస్తు మేడంని అడగండి, నా పేరు చెప్పినా ఫర్వాలేదు" అందట. నివేదిక తెప్పించి చూశారు. అందులో ఏముంది? జూనియర్లకి చొరవ లేదన్న ముక్కే ఉంది. అంటే నేను రాసినదే ఆ పిల్లని అబద్ధాలకోరుని చేసింది. కంచే చేను మేసిందంటారు, నా విషయంలో అది అక్షరాలా నిజం.

అన్నయ్యా, నేను చింపేసిన నాలుగు ఉత్తరాలూ ఇక్కడే ఆగిపోయాయి. కమిటీ నన్ను పిలిచి, "వాళ్ళు చెప్పిన అసలు మాటలు మీ దగ్గర ఉన్నాయా?" అని అడిగింది. "లేవండీ, నివేదిక అయ్యాక అవన్నీ చింపేస్తాను" అన్నాను. అబద్ధం. నోటు పుస్తకం బీరువాలో ఉంది, తాళంచెవి నా బ్యాగులో ఉంది. రహస్యం కాపాడటం నా వృత్తిధర్మం అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. రహస్యంగా ఉంచుతానని మాటిచ్చింది ఆ పిల్లకి. ఆ పిల్లే చెప్పమంటోంది. మిగతా ఇద్దరి పేర్లూ కప్పేసి చూపించవచ్చు. ఇక నేను దాస్తున్నది ఎవరి రహస్యం? నాదే. రెండేళ్ళ ముందే తెలిసి, తెలియనట్టు రాసిన మనిషిని నేనని బయటపడుతుందని సిగ్గు, భయం.

ఆ పిల్లని కోర్సు నుంచి ఆపేశారు. పోయిన మంగళవారం వాళ్ళ నాన్న నా గదికి వచ్చాడు. బస్సు డ్రైవరు, యూనిఫారంతోనే వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మా అమ్మాయి చేసిన తప్పుకి ఏ శిక్ష వేసినా వెయ్యనివ్వండి. కానీ అబద్ధం చెప్పిందంటున్నారు. మా అమ్మాయి మీకు చెప్పిందా లేదా? అదొక్కటి చెప్పండమ్మా" అన్నాడు.

"నేను చెప్పకూడదండీ. రూల్స్ ఒప్పుకోవు" అన్నాను.

"సరేనమ్మా. మీ టైం పాడుచేశాను" అని వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది.

నీ ఉత్తరం అప్పటికే నా బ్యాగులో ఉంది. ఆ రాత్రి దాన్ని మళ్ళీ చదివాను. చదవగానే నా చెయ్యి తనంతట తనే ఒక కాగితం మీద రాసింది: మన పిల్లని ఆ విభాగంలో చేర్చకు. ఆలోచించలేదు, మెత్తగా రాయలేదు. వృత్తిధర్మం గుర్తుకురాలేదు, మీ బావగారి ఆపరేషన్ గుర్తుకురాలేదు. ఈ రెండేళ్ళలో తొమ్మిదిమంది పిల్లలు ఆయన దగ్గర చేరారు. వాళ్ళలో ఒక్కరి తండ్రికీ నేను ఈ మాట రాయలేదు. ఒక తండ్రి నా ముందు నిలబడి అడిగినా చెప్పలేదు. తనదాకా వస్తేగానీ తెలియదంటారు. నాకు ముందే తెలుసు అన్నయ్యా, తెలిసే ఊరుకున్నాను. అది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యంగా ఉంది.

నీ ప్రశ్నకి జవాబు అదే. చేర్చకు. చిన్న డాక్టరమ్మ ఎందుకని అడిగితే ఈ ఉత్తరం ఇచ్చి చదువుకోమను. అత్తయ్య గొప్పది అనుకుంటూ ఉంటుంది, పాపం.

రేపు పదకొండు గంటలకి కమిటీ చివరిసారి కూర్చుంటోంది. పుస్తకం తీసుకుని వెళ్దామనే అనుకుంటున్నాను. వెళ్తే నా ఉద్యోగం ఉండదు. ఇకమీదట ఏ ఆసుపత్రిలోనూ ఎవరూ నాతో నోరు విప్పరు. హస్తవాసి సార్ ముఖం మీ బావగారు ఎలా చూస్తారో తెలియదు, ఇంట్లో ఇంకా చెప్పలేదు. మెట్లెక్కుతూ మళ్ళీ ఏదో ఒక ధర్మం గుర్తుచేసుకుని వెనక్కి తిరుగుతానేమోనని నాకు అనుమానం. నన్ను నేను ఎరగనిదాన్ని కాదు.

అందుకే గేటు దగ్గరున్న పోస్టు డబ్బాలో ముందు ఈ ఉత్తరం వేసి, ఆ తర్వాత లోపలికి వెళ్తాను. మూడో రోజుకి నీకు అందుతుంది. అందగానే నాకు ఫోన్ చేసి ఒక్కటే అడుగు: పుస్తకం ఇచ్చావా అని. నేను వెంటనే 'ఇచ్చాను' అనకుండా నసిగితే, ఇంకేమీ వినకు. ఈ కాగితాలు మా ప్రిన్సిపాల్‌కి పంపించు. చెల్లెలినని చూడకు.

ఇట్లు,
నువ్వు మంచిదని నమ్మిన
నీ చెల్లెలు