నాలుగు ఖాళీ లైన్లు

నగర కౌన్సిల్ ఆఫీసులో ముప్ఫై ఒక్క ఏళ్లు మినిట్స్ గుమాస్తాగా పనిచేసి రిటైరైన నేను, నా డెబ్బై నాలుగో ఏట, నా సొంత ఇంటి ముందు గదిలో కూర్చుని, ఎవరి బలవంతమూ బుజ్జగింపూ లేకుండా నా చేత్తో రాస్తున్న చివరి వీలునామా ఇది. ఇంతకు ముందు రాసినవేవీ చెల్లవు. నా బుద్ధి స్థిరంగానే ఉందని డాక్టరు చీటీ ఇచ్చాడు, జతపరిచాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఎవరూ ఆ చీటీ అడగలేదు. అడగాల్సింది అప్పుడే.

దీన్ని అమలు చేసే బాధ్యత నా కూతురిది. తను ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేస్తుంది. చూసింది చూసినట్టు రాయడం తన పని. మా ఇంట్లో ఆ పని సరిగ్గా చేసింది తనొక్కతే.

1. ఇల్లు. నా కొడుకుకూ కూతురికీ చెరి సగం. షరతు ఒకటే. ముందు గదిని ఏ పార్టీకీ ఎన్నికల ఆఫీసుగా ఇవ్వరాదు, గోడ మీద ఎవరి మొహమూ అంటించరాదు. షరతు తప్పినవారి వాటా రెండోవారికి చెందుతుంది. మా అబ్బాయి ఇది చదివి నన్ను తిట్టుకుంటాడు. తిట్టుకోనీ. మొన్న ఆదివారం తన ఫోటో ఉన్న పోస్టర్ల కట్ట తెచ్చి నా మంచం మీదే పెట్టాడు. చేతులు రెండూ జోడించి, పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. కట్టను బోర్లించి మంచం కిందికి నెట్టాను.

2. గోడ గడియారం. ఇది మా వార్డు కౌన్సిలర్‌కు. ఊరంతా ఆయన్ని ‘చూద్దాంలే’ అంటారు. కాలవ పొంగిందన్నా, వీధి దీపం పోయిందన్నా ఆయన నోట వచ్చేది ఆ మాటే. అయిదుసార్లు గెలిచాడు, నాలుగు పార్టీలు మార్చాడు, మాట మాత్రం మార్చలేదు. నేను రిటైరైన రోజున ఈ గడియారం బహూకరించాడు. అందులో అంకెల కంటే ఆయన ఫోటో పెద్దది. టైము తెలియాలంటే ముందు ఆయన ముక్కు చూడాలి. మా ఆవిడ దాన్ని తీసుకెళ్లి స్నానాలగదిలో తగిలించింది. దాన్ని తుడవకుండా, కాగితం చుట్టకుండా ఆయనకు తిరిగి ఇవ్వాలి.

3. నా పెన్ను. ఎవరికీ ఇవ్వను, నాతోనే పంపేయండి. కారణం రాయాలి. నేను ఉద్యోగంలో చేరిన రోజునే పై గుమాస్తా ఒక పాఠం నేర్పాడు. మీటింగ్ మినిట్స్ రాశాక, చైర్మన్ సంతకానికి పైన నాలుగు లైన్లు ఖాళీ వదలాలి. ఆఫీసులో దాన్ని ‘మర్యాద’ అనేవాళ్లం. సంతకం పడ్డ వారానికో నెలకో ఎవరో ఒక కౌన్సిలర్ వచ్చి, నా టేబుల్ మీద మోచెయ్యి ఆనించి, మీటింగ్‌లో ఎవరూ అనని మాట ఒకటి చెప్పేవాడు. నేను దాన్ని ఆ నాలుగు లైన్లలో ఇరికించి, చివర “ఏకగ్రీవంగా ఆమోదించడమైనది” అని చేర్చేవాణ్ణి. నా దస్తూరి చిన్నది, ముత్యాల్లా ఉంటుంది. అందుకే నన్నెవరూ ఆ సీటు నుంచి కదపలేదు. ఒక్కసారి కూడా లంచం పుచ్చుకోలేదు. చాలా ఏళ్లు అదే గొప్పగా చెప్పుకుని తిరిగాను. వాళ్లయినా అమ్ముడుపోయారు. నేను ఊరికే పోయాను.

4. మా ఆవిడ నల్ల గొడుగు, పేము కుర్చీ. రెండూ కూతురికి. ప్రతి ఎన్నికలోనూ మా ఆవిడ ఆ గొడుగు వేసుకుని పొద్దున్నే లైన్లో నిలబడేది. నేను ఆఫీసు నుంచి రాగానే చెప్పులు విప్పనివ్వకుండా “ఇవాళ ఎన్ని లైన్లు నింపారు?” అని అడిగేది. మొదట్లో నవ్వుతూ అడిగేది. తర్వాత నవ్వు పోయింది. చివరి ఏళ్లలో అడగడం మానేసింది. ఆమె అడగని సాయంత్రాలే నాకు ఎక్కువ గుర్తున్నాయి. అమ్మలూ, గొడుగు పుల్ల ఒకటి విరిగింది, బాగుచేయించుకో.

5. ఇనప ట్రంకు. అందులో నా రఫ్ పుస్తకాలున్నాయి. మీటింగ్ జరుగుతుండగా విన్నది విన్నట్టు, తేదీ వేసి రాసుకున్నవి. అసలు పుస్తకంలోకి ఎక్కించాక కాల్చేయమనేవారు. నేను సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చేవాణ్ణి. ఎందుకు తెచ్చానో అప్పుడు నాకే తెలియదు. ఈ ట్రంకు నా మరణానంతరం బస్ గ్యారేజీ వెనక కుట్టు సందులో ఉండే మిషనక్కకు చెందాలి.

మిషనక్క అందరికీ అక్కే. ఇరవై ఏళ్లుగా నా చొక్కాలన్నీ కుట్టింది ఆమే. పెన్ను పట్టాలని లోపలి జేబు ఒక వేలు లోతు పెంచేది. నేను రిటైరవడానికి ఏడాది ముందు చూద్దాంలే నా టేబుల్ దగ్గరికి వచ్చాడు. గ్యారేజీ వెనకున్నది ఖాళీ స్థలమనీ, అక్కడ షాపుల భవనం కట్టాలని కౌన్సిల్ తీర్మానించిందనీ రాయమన్నాడు. అందులో మనుషులున్నారండీ అని నసిగాను. “నాలుగు లైన్లే కదయ్యా” అన్నాడు. నేను మిషనక్క కుట్టిన చొక్కా తొడుక్కుని, ఆమె పెంచిన జేబులోంచి పెన్ను తీసి, ఆమె ఉండే సందు ఖాళీ స్థలమని రాశాను.

ఇన్నేళ్లకు ఇప్పుడు సందులో పదకొండు తలుపులకూ ఖాళీ చేయమని నోటీసులు అంటించారు. వచ్చే వారం కోర్టులో వాయిదా. ఆ రోజు మీటింగ్‌లో అలాంటి తీర్మానమే రాలేదని చెప్పే కాగితం లోకంలో ఒక్కటే ఉంది, అది నా ట్రంకులో ఉంది. చూద్దాంలేకు ఆ వాసన తగిలింది. ట్రంకు తెచ్చిస్తే పక్క వార్డు టికెట్ ఇస్తానని మా అబ్బాయికి మాటిచ్చాడు. ఆదివారం పోస్టర్లతో పాటు వాడు తెచ్చిన కబురు అదే. “నాలుగు లైన్లే కదా నాన్నా” అన్నాడు. అవే మాటలు, అదే తేలిక.

పై 5వ క్లాజును కొట్టేస్తున్నాను. ఇంతవరకు రాసి సాక్షికి చదివి వినిపిస్తే, మా ఆఫీసు పాత బంట్రోతు, ముప్ఫై ఏళ్లు నా టేబుల్‌కు టీ తెచ్చినవాడు, తల గోక్కుని “అయ్యా, మీరు పోయేదాకా ఆ సందు ఆగుతుందంటారా?” అన్నాడు. చెంప పగిలినట్టయింది. పోయాక నిజం చెబుదామనుకున్నాను. అదీ ఖాళీ లైను వదలడం లాంటిదే. రాయడం అక్కడ ఆపి, ఇద్దరం ఆటోలో ట్రంకు వేసుకుని మిషనక్క వకీలు దగ్గరికి వెళ్లాం. ఆ తీర్మానం దొంగదనీ, రాసింది నేనేననీ ప్రమాణపత్రం ఇచ్చి, రసీదు తీసుకుని వచ్చాను. నా మీదా కేసు పెడతారని వకీలు ముందే చెప్పాడు. పెట్టనీ. కాబట్టి ఈ క్లాజు కింద ఇవ్వడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. కొట్టివేత పక్కన నేనూ సాక్షులిద్దరూ పొట్టి సంతకాలు చేశాం.

6. నా కొడుక్కి ఒక నోటుపుస్తకం. బీరువా పై అరలో ఉంది. అయిదో తరగతిలో నువ్వు రాసిన వ్యాసం అందులో ఉంది నాన్నా. పెద్దయ్యాక కాలవలు బాగుచేసే మిషను నడుపుతానని రాశావు. బొమ్మ కూడా వేశావు. మాస్టారు పదికి తొమ్మిది వేశారు. ఈపాటికి నీ టికెట్ పోయి ఉంటుంది, పోగొట్టింది నేనే. నీ మీద కోపంతో చేయలేదు. నువ్వు గెలిచి వచ్చి మోచెయ్యి ఆనించే టేబుల్ దగ్గర ఇంకో గుమాస్తా కూర్చుని ఉంటాడు, వాడికీ ఇంట్లో గొడుగు వేసుకుని ఓటు వేసే భార్య ఉంటుంది. నువ్వంటే నాకు ప్రాణం. ఆ పోస్టర్లు మాత్రం ఇంట్లోకి తేకు.

7. నేను పోయాక కౌన్సిల్‌లో సంతాప తీర్మానం పెట్టరాదు. అలాంటివి వందలు రాశాను. రెండు నిమిషాల మౌనంలో ఎంతమంది ఫోన్లు చూసుకుంటారో నాకు తెలుసు.

పైన రాసినదంతా నేనే రాసి, చదువుకుని, సమ్మతించి సంతకం చేస్తున్నాను. ఇది ఏకగ్రీవం కాదు. ఒక్కడి మాట.

తేదీ: ఏప్రిల్ పది, బుధవారం. నామినేషన్లకు ఇంకా రెండు రోజులున్నాయి.

(సంతకం) మాజీ మినిట్స్ గుమాస్తా

సాక్షులు:
1. కౌన్సిల్ ఆఫీసు మాజీ బంట్రోతు
2. మా వీధి మందుల షాపు యజమాని

ఈ పేజీలో సాక్షుల సంతకాల కింద నాలుగు లైన్లు మిగిలాయి. వాటికి అడ్డంగా గీత కొట్టడమైనది.